రాకెట్టు విద్యకు ప్రాణము పోసిన గొడ్డార్డు

దీపావళినాడు తారాజువ్వ వెలిగింపని తెలుగు ఇల్లు అరుదు. కాగితపు గొట్టములో సురేకారము, గంధకము, బొగ్గుపొడి కూరి, దానికొక పుల్ల కట్టి, సీసాలో నిలిపి నిప్పు ముట్టించినచో అది చుయ్యిమని పైకెగిరి, క్షణములో మాడి, ఏ పొరుగింటి డాబామీదనో పడును. పిల్లలు చప్పట్లు చరతురు, పెద్దలు జాగ్రత్త చెప్పుదురు. అంతటితో ఆ ముచ్చట తీరును. అది ఏల ఎగిరెను, ఇంకను ఎత్తునకు ఏల పోలేదు, పడిన చోటికి పోయి మాడిన గొట్టమును వెదకి తెచ్చి పరీక్షించినచో ఏమి తెలియును అను ప్రశ్నలు వేసికొనువారు లక్షకొక్కరుందురేమో! అట్టి ప్రశ్నలను జీవితాంతము వేసికొనుచు, తన రాకెట్టులను తానే కట్టి, తానే ఎగురవేసి, కూలిన ముక్కలను తానే ఏరుకొని బాగుచేసిన మహనీయుడు డాక్టరు రాబర్టు హచ్చింగ్సు గొడ్డార్డు. మానవుని చంద్రమండలమునకు చేర్చిన విద్యకు పునాదిరాళ్లు వేసినవారిలో ఆయన ముఖ్యుడు.

ఆయన చరిత్ర కార్యాలయోద్యోగులమగు మనకు పరాయిది కాదు. చాలీచాలని గ్రాంటులు, వానికి సమర్పింపవలసిన లెక్కలు, పైవారికి పంపవలసిన నివేదికలు, స్థానికాధికారుల నిషేధాజ్ఞలు, పత్రికల ఎత్తిపొడుపులు—ఇవన్నియు ఆయన జీవితములో నున్నవి. వీనినడుమ పనిని విడువకుండుట యెట్లో ఆ జీవితము తెలుపును. మితిమీరిన గోప్యతవలన కలుగు నష్టమెట్టిదో కూడ తెలుపును.

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని మసాచుసెట్సు రాష్ట్రమున వూస్టరు అను పట్టణము కలదు. అచట 1882వ సంవత్సరము అక్టోబరు 5వ తేదీన గొడ్డార్డు జన్మించెను. తండ్రి నేహమ్, తల్లి ఫానీ. తండ్రి పనిముట్లయందును యంత్రములయందును మక్కువ గలవాడు. కుమారుని కుతూహలమును గమనించి ఆయన దూరదర్శినిని, సూక్ష్మదర్శినిని కొని యిచ్చెను. విజ్ఞానవిషయముల పత్రికకు చందా కట్టెను. బాలుడు రోగపీడితుడు. జబ్బుల మూలమున తఱచు పాఠశాల మానవలసివచ్చి, తోడివారికన్న రెండేండ్లు చదువులో వెనుకబడెను. ఆ తీరికలో పుస్తకములు చదివెను, గాలిపటములెగురవేసెను. పదునారేండ్ల ప్రాయమున అల్యూమినియపు రేకుతో బెలూను చేసి, ఉదజని నింపి ఎగురవేయజూచెను. బరువెక్కువగుటచే అది నేల విడువలేదు. ఆ కుఱ్ఱవాడు దానిని పారవేసి ఊరకుండలేదు. ప్రయత్నము విఫలమైన సంగతిని తన నోటుపుస్తకములో వ్రాసికొనెను. ఈ అలవాటు ఆయనను చివరివఱకు విడువలేదు.

1899 అక్టోబరు 19వ తేదీ ఆయన జీవితములో మఱపురాని దినము. ఇంటి వెనుకనున్న చెఱ్ఱీచెట్టు ఎండుకొమ్మలను కొట్టుటకై చెట్టెక్కిన ఆ పదునేడేండ్ల యువకుడు క్రిందనున్న పొలములను చూచుచు, అంగారకగ్రహము వఱకు పోగల యంత్రమొకటి ఆ పచ్చికబయలునుండి లేచుచున్నట్లు ఊహించెను. అంతకుముందే ఆయన వెల్సు రచించిన, అంగారకవాసులు భూమిపై దండెత్తి వచ్చు కథను చదివి యుండెను. చెట్టు దిగిన పిమ్మట తన జీవితమునకొక ప్రయోజనమున్నదని ఆయనకు తోచెను. నాటినుండి ఏటేట ఆ తేదీని పండుగవలె స్మరించుకొనెడివాడు. 1938లో పెనుగాలికి ఆ చెట్టు కూలగా, ఆ వార్తను సైతము దినచర్యలో వ్రాసికొనెను.

ఇరువదియొకటవ యేట, 1904లో, ఉన్నత పాఠశాల చదువు ముగించి, వూస్టరు పాలిటెక్నిక్ సంస్థలో చేరెను. 1908లో పట్టభద్రుడై, అదే ఊరిలోని క్లార్కు విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రములో 1911లో డాక్టరు పట్టము పొందెను. పిదప ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయములో పరిశోధన సాగించుచుండగా 1913లో క్షయవ్యాధి సోకెను. తల్లినంతకుముందే పట్టిన వ్యాధి అది. ఇక కొలది వారములకు మించి బ్రతుకడని వైద్యులు తేల్చిరి. మంచముపై పడియుండియు ఆయన కాగితము, పెన్సిలు విడువలేదు. క్రమముగా కోలుకొనెను. 1914 జూలై నెలలో ఆయనకు రెండు పేటెంటులు లభించెను. ఒకటి, ఒక రాకెట్టు మాడిపోయిన పిమ్మట దానిపైనున్న మఱియొకటి అంటుకొని ఇంకను పైకి పోవు అంచెల రాకెట్టునకు. రెండవది, ద్రవరూపమగు ఇంధనముతో నడచు రాకెట్టునకు. నేటి పెద్ద రాకెట్టులకు ఆధారభూతములైన రెండు భావములును ఆ పత్రములలో నున్నవి.

అయితే భావము వేఱు, పని వేఱు. క్లార్కు విశ్వవిద్యాలయములో అధ్యాపకుడై, ఆయన మొదట సాధారణమగు మందు రాకెట్టులనే పరీక్షింపసాగెను. అప్పటి రాకెట్టులలో మందు పుట్టించు శక్తిలో నూటికి రెండుపాళ్లు మాత్రమే ఎగురుటకు ఉపయోగపడుచుండెను. గొడ్డార్డు వాయువులు వెలువడు మూతిని మార్చెను. మొదట సన్నగిల్లి, పిదప గరాటువలె విచ్చుకొను ఉక్కుమూతిని అమర్చి, నాణ్యమైన మందు వాడగా, ఆ రెండు పాళ్లు అరువదికి మించిన పాళ్లయ్యెను. డీలావల్ అను స్వీడను దేశపు ఇంజనీరు ఆవిరి టర్బైనులకై కల్పించిన మూతి అది. దానిని రాకెట్టునకు పట్టించిన నేర్పు గొడ్డార్డుది. ఇంకొక సంశయమును కూడ ఆయన అప్పుడే తీర్చుకొనెను. వెనుకకు నెట్టుటకు గాలి లేనిచోట రాకెట్టు ముందుకు సాగునా? గాలిని తీసివేసిన పెద్ద గొట్టములో రాకెట్టును కాల్చి చూచెను. ఒత్తిడి తగ్గకపోగా కొంత హెచ్చెను. రాకెట్టు గాలిని నెట్టి సాగదు. తనలోని వాయువును వేగముగా వెనుకకు విసరివేయుటవలననే ముందుకు సాగును. న్యూటను చెప్పిన చర్యాప్రతిచర్యల నియమమే ఇది.

అధ్యాపకుని జీతముతో ఈ పరిశోధన సాగునది కాదు. ఆయన పలు సంస్థలకు వ్రాసెను. తుదకు వాషింగ్టనులోని స్మిత్సోనియన్ సంస్థ 1917 జనవరిలో 5,000 డాలర్లు మంజూరు చేసెను. అంతలో మొదటి ప్రపంచయుద్ధములో అమెరికా ప్రవేశింపగా, సైన్యమునకై చేతితో పట్టుకొని పేల్చు గొట్టపు రాకెట్టును తయారుచేసెను. 1918 నవంబరు మొదటివారములో అబర్డీను పరీక్షాస్థలమున దానిని అధికారుల యెదుట పేల్చి చూపినపుడు, గొట్టమును నిలుపుటకు సంగీతవిద్వాంసులు కాగితములు పెట్టుకొను స్టాండును ఆధారముగా వాడెను. పరీక్ష జయప్రదమయ్యెను. కాని కొలది దినములకే, నవంబరు 11న, యుద్ధము ఆగిపోయి, ఆ విషయమును అడుగువారు లేకపోయిరి. రెండవ యుద్ధములో టాంకులను కొట్టిన బజూకాకు మూలము ఈ గొట్టమే.

స్మిత్సోనియన్ సంస్థకు సమర్పించిన నివేదికను ఆ సంస్థవారు 1919 సంవత్సరపు ప్రచురణగా, అత్యున్నత స్థలములను చేరు విధానము అను అర్థమిచ్చు పేరుతో వెలువరించిరి. మొత్తము 69 పుటలు. అందులో నున్నదంతయు లెక్కలు, పరీక్షాఫలితములు. వాతావరణపు పైపొరలకు పరికరములను పంపుట ప్రధానవిషయము. చివర ఒకచోట మాత్రము, తగినంత పెద్ద రాకెట్టు కట్టగలిగినచో చంద్రుని చీకటిభాగమున మెఱుపుమందును పేల్చి, దూరదర్శినితో ఇచటినుండి చూడవచ్చునని సూచించెను. పత్రికలు ఆ ఒక్క మాటనే పట్టుకొనెను. గొడ్డార్డు చంద్రునికి పోవుచున్నాడని వార్తలు పుట్టెను. 1920 జనవరి 13న న్యూయార్కు టైమ్సు తన సంపాదకీయములో, శూన్యములో రాకెట్టు సాగదనియు, ఉన్నతపాఠశాల విద్యార్థికి తెలిసిన సంగతియు ఈ ఆచార్యునికి తెలియదనియు ఎగతాళి చేసెను. ఏ సంగతిని ఆయన ప్రయోగముచేసి నిరూపించెనో, ఆ సంగతియే తెలియనివాడని అనిపించుకొనుట ఎంత బాధాకరమో ఊహింపవచ్చును.

గొడ్డార్డు సంక్షిప్తముగా సమాధానము చెప్పెను. కాని ఆ దెబ్బ లోలోపల నాటుకొనెను. నాటినుండి తన పని పూర్తియై, ఫలితము చేతికి వచ్చువఱకు నోరు విప్పరాదని నిశ్చయించుకొనెను. ఆయన జీవితములోని మేలును కీడును ఆ నిశ్చయమునుండియే పుట్టెను.

1921 నుండి ఆయన మందును విడిచి ద్రవ ఇంధనమునకు పూనుకొనెను. పెట్రోలును, దానిని మండించుటకు ద్రవరూపమగు ప్రాణవాయువును వాడదలచెను. నీరు గడ్డకట్టు చలికన్న దాదాపు 183 సెంటిగ్రేడు డిగ్రీలు తక్కువలో ప్రాణవాయువు ద్రవమగును. అంతటి చల్లని పదార్థమును ఒక గొట్టముగుండ, ఉక్కును కరగించు మంటలోనికి పంపవలెను. రెండింటి పాళ్లు తప్పినచో మంట ఆఱిపోవును, లేదా అంతయు పేలిపోవును. బజారులో దొరకు పంపులు, కవాటములు ఈ పనికి చాలవు. ప్రతి భాగమును తానే గీసి, పనివానిచేత చేయించి, విఱిగినదానిని మఱల మార్చుకొనవలెను. ఐదేండ్లు ఇట్లు గడచెను. ఈ నడుమ, 1924లో, విశ్వవిద్యాలయాధ్యక్షుని కార్యాలయములో పనిచేయుచు తన వ్యాసములను టైపుచేసి యిచ్చిన ఎస్తేరు కిస్కును వివాహమాడెను. ఆమె లేనిచో ఈ చరిత్ర వేఱుగా నుండెడిది.

1926 మార్చి 16. వూస్టరు దాపుననున్న ఆబర్ను గ్రామములో ఆయనకు దూరపు బంధువగు ఎఫీ అత్తయ్య పొలము. నేలపై ఇంకను మంచు కలదు. ఇనుపగొట్టములతో కట్టిన చట్రములో సుమారు పది అడుగుల పొడవుగల వింత ఆకారము నిలిపిరి. నేటివారు చూచినచో అది రాకెట్టనుకొనరు. మంట వెలువడు యంత్రము పైకొనను, ఇంధనపు తొట్లు క్రింది కొనను, నడుమ రెండు సన్నని గొట్టములు. అచట ఉన్నవారు నలుగురే: గొడ్డార్డు, ఎస్తేరు, పనివాడు హెన్రీ సాక్సు, సహాధ్యాపకుడు రూప్. సాక్సు పొడుగాటి కఱ్ఱకు కట్టిన దీపముతో నిప్పు ముట్టించెను. కొంతసేపు అది ఉరుముచు చట్రములోనే నిలిచెను. ఇంధనము మండి బరువు తగ్గినకొలది మెల్లగా లేచి, హఠాత్తుగా వేగమందుకొని, 41 అడుగుల ఎత్తెగిరి, 184 అడుగుల దూరములో నేలబడెను. పట్టిన కాలము రెండున్నర సెకండ్లు. ఎస్తేరు చేతిలోని చలనచిత్రపు కెమేరాకు కీ యిచ్చినచో ఏడు సెకండ్లే తిరుగును. రాకెట్టు లేచుసరికి అది ఆగిపోయెను. కావున ప్రపంచములో మొదటి ద్రవ ఇంధనపు రాకెట్టు ఎగిరిన దృశ్యమునకు చిత్రము లేదు. ఎగురుటకు ముందు చట్రము ప్రక్కన నిలిచిన గొడ్డార్డు ఛాయాచిత్రము మాత్రమున్నది.

వారు ఉత్సవములు చేసికొనలేదు. పడిన ముక్కలను ఏరి తెచ్చి, మూతి అడుగుభాగము మాడిపోయినదని గుర్తించి, దినచర్యలో వ్రాసికొనిరి. ఏప్రిల్ 3న మఱల ఎగురవేసిరి. ఆ మార్చినెల సంగతి ప్రజలకు తెలిసినది పదేండ్ల తరువాత, 1936లో ఆయన రెండవ నివేదిక అచ్చయినపుడు!

1929 జూలై 17న ఆబర్నులో నాల్గవసారి రాకెట్టు ఎగిరెను. ఈసారి దానిలో వాయుభారమాపకము, ఉష్ణమాపకము, వానిని చిత్రించుటకు చిన్న కెమేరా ఉండెను. అవి చెడకుండ చేతికి దొరికెను. రాకెట్టు 90 అడుగులు మాత్రమే ఎగిరినను దాని మ్రోత ఊరంతయు వినబడెను. విమానమేదో కూలినదని తలచి పోలీసులు, ఆంబులెన్సులు పరుగెత్తి వచ్చిరి. పత్రికలవారు కూడ వెంట వచ్చిరి. మఱల ఎగతాళి. రాష్ట్రపు అగ్నిమాపకాధికారి ఆ రాష్ట్రములో ఇట్టి ప్రయోగములు కూడదని ఆజ్ఞాపించెను. స్మిత్సోనియన్ వారి మాటసాయముతో, కేంద్రప్రభుత్వపు సైనికభూమియగు డెవెన్సు శిబిరములో కొంతకాలము పని సాగెను.

చెడులోనుండి మంచి పుట్టుట కూడ కలదు. ఆ వార్తలను చదివిన విమానచోదకుడు లిండ్బర్గు 1929 నవంబరులో వచ్చి గొడ్డార్డును చూచెను. ఒంటరిగా అట్లాంటిక్ సముద్రమును విమానముపై దాటి జగత్ప్రసిద్ధుడైన లిండ్బర్గు, ధనికుడగు డేనియల్ గుగ్గెన్హైమునకు చెప్పి ధనసహాయము సమకూర్చెను. నాలుగేండ్లకు లక్ష డాలర్లు. మొదటి రెండేండ్లకు ఏబదివేలు. 1930లో గొడ్డార్డు దంపతులు సామానులతో న్యూమెక్సికో రాష్ట్రములోని రాస్వెల్లునకు తరలిరి. జనసంచారము తక్కువ, ఆకాశము నిర్మలము, ఎగతాళి చేయువారు లేరు. క్షయ సోకిన ఊపిరితిత్తులకు పొడిగాలి కూడ హితము.

రాస్వెల్లులోని కార్ఖానాను గూర్చి చదువునపుడు మనకొక చిన్న కుటుంబపు పరిశ్రమ జ్ఞప్తికి వచ్చును. పనివారు నలుగురైదుగురు, వారిలో ఒకడు ఎస్తేరు సోదరుడు. గాలిమరలకై అమ్ము ఇనుప గోపురమును కొని, దానినే రాకెట్టును నిలుపు అఱువది అడుగుల చట్రముగా మార్చుకొనిరి. ఎస్తేరు లెక్కలు వ్రాసెను, పారాచూటులు కుట్టెను, ఛాయాచిత్రములు తీసెను. రాకెట్టు మంటవలన గడ్డి అంటుకొన్నపుడు ఆర్పుటకు పరుగెత్తెను. 1930 డిసెంబరు 30న రాకెట్టు 2,000 అడుగులు ఎగిరెను. 1932 ఏప్రిల్‌లో గైరోస్కోపు అమర్చిన రాకెట్టు ఎగిరెను. తిరుగుచుండు బొంగరము తన దిక్కును విడువదు. ఆ గుణమును పట్టుకొని, రాకెట్టు ప్రక్కకు వాలినపుడు మంటలోనికి చిన్న ఱెక్కలను నెట్టి సరిదిద్దు ఏర్పాటిది. ఆ సంవత్సరమే ఆర్థికమాంద్యమువలన ధనము ఆగిపోగా, రెండేండ్లు ఆయన వూస్టరులో పాఠములు చెప్పుకొనుచుండెను. 1934లో తిరిగివచ్చి, 1935 మార్చి 28న గైరోస్కోపుతో నడచు రాకెట్టును 4,800 అడుగులకు పంపెను. 1937 మార్చి 26న ఎగిరినది ఎనిమిది, తొమ్మిదివేల అడుగుల మధ్యకు పోయెను. ఆయన సాధించిన మిక్కిలి ఎత్తు అదియే.

నడుమ 1935 సెప్టెంబరులో లిండ్బర్గును, డేనియల్ కుమారుడు హారీ గుగ్గెన్హైమును చూచుటకు వచ్చినపుడు, రెండుసార్లు ప్రయత్నించినను రాకెట్టు లేవలేదు! ధనమిచ్చువారి యెదుటనే యంత్రము మొరాయించుట ఎవరికైనను తలవంపు. వారు చిన్నబుచ్చలేదు, గొడ్డార్డు సాకులు చెప్పలేదు. లోపము వెదకి, బాగుచేసి, పని సాగించెను. 1926 నుండి 1941 వఱకు ఆయన 34 సారులు రాకెట్టులు ఎగురవేసెను. వానిలో జయములకన్న విఘ్నములే ఎక్కువ. కాని ప్రతి విఘ్నమునకు తేదీ, కారణము, చేసిన మరమ్మత్తు వ్రాసియున్నవి. కారణము వ్రాయబడిన వైఫల్యము వైఫల్యము కాదు. అది తరువాతి ప్రయత్నమునకు సోపానము.

ఇక ఆయన గోప్యతను గూర్చి చెప్పక తప్పదు. ఇతరులు కలసి పనిచేయుదమని కోరినపుడు ఆయన దూరముగనే ఉండెను. తన ఫలితములను వెంటవెంట ప్రకటింపలేదు. 1935లో స్మిత్సోనియన్ సంస్థకు ఒక రాకెట్టును పంపుచు, తాను కోరువఱకు ప్రదర్శింపవలదని షరతు పెట్టెను. ఇంతలో జర్మనీలో వందలకొలది ఇంజనీరులు ప్రభుత్వధనముతో ఒకచోట చేరి పనిచేసి, 1942 అక్టోబరులో వీ-2 రాకెట్టును ఎగురవేసిరి. అమెరికా సైన్యము గొడ్డార్డునకు అప్పగించిన పని, బరువైన విమానములు త్వరగా నేల విడుచుటకు సాయపడు చిన్న రాకెట్టులు మాత్రమే. 1945లో, పట్టుబడిన వీ-2 భాగములను పరిశీలించినపుడు, తాను రాస్వెల్లులో కట్టిన యంత్రమునకు దానికిని గల పోలికలను ఆయన చూచెను. ఏది ఎవరినుండి వచ్చినదని వాదించుట నిష్ప్రయోజనము. ఒంటరివాని ప్రతిభకు సమష్టిబలము తోడు కావలెనను సత్యమే అందు స్పష్టము. పరిహాసము ఒక పండితుని నోరు మూయించినచో, నష్టపోవునది పండితుడొక్కడే కాదు, దేశము కూడ.

1945 ఆగస్టు 10న, బాల్టిమోరులో, గొంతు క్యాన్సరుతో గొడ్డార్డు మరణించెను. వయస్సు 62 సంవత్సరములు. భార్య ఎస్తేరు ఆ కాగితములకు రక్షకురాలయ్యెను. నోటుపుస్తకములను సరిచూచి, మిగిలిన ఊహలకు పేటెంటులు కోరెను. మొత్తము 214 పేటెంటులలో 131 ఆయన మరణానంతరము వచ్చినవే. 1959లో అమెరికా అంతరిక్షసంస్థ తన క్రొత్తకేంద్రమునకు ఆయన పేరు పెట్టెను. 1960లో ఆ దేశప్రభుత్వము ఆయన పేటెంటులను వాడుకొన్నందులకు పది లక్షల డాలర్లు చెల్లించెను. 1969 జూలై 16న అపోలో-11 చంద్రునికై బయలుదేరగా, మఱునాడు, అనగా జూలై 17న, న్యూయార్కు టైమ్సు తన నలువదితొమ్మిదేండ్లనాటి పొరపాటును ఒప్పుకొని సవరణ ప్రకటించెను. ఆబర్నులో పోలీసులు పరుగెత్తివచ్చిన దినమునకు సరిగా నలువదేండ్లకు! ఆ సవరణను చదువుకొనుటకు గొడ్డార్డు లేడు; ఎస్తేరు ఉండెను. మఱుసటి యేడు, 1970లో, ఆయన వ్రాతలు ఆమె సంపాదకత్వమున మూడు సంపుటములుగా వెలువడెను.

ఆయన వారసులు మహాసంస్థలు మాత్రమే కారు. 1954లో అమెరికాలో, చెప్పులదుకాణము నడపు ఓర్విల్ కార్లైల్ అను ఆయన, సోదరునితో కలసి, కాగితముతోను తేలిక కొయ్యతోను చిన్న నమూనా రాకెట్టును కట్టెను. మాడిన మందుగొట్టమును తీసి క్రొత్తది పెట్టుకొనవచ్చును; పారాచూటు విచ్చుకొని అది భద్రముగా దిగును; విఱిగిన ఱెక్కను జిగురుతో అతికి మఱల ఎగురవేయవచ్చును. నేడు పలుదేశములలో బాలబాలికలకు ఇది వినోదము, విద్య కూడ. ఇందొక నియమము ప్రాణప్రదము: మందును ఇంటిలో నూరి కూరరాదు. కర్మాగారములో తయారైన గొట్టమునే వాడి, విశాలమైన మైదానములో, పెద్దల యెదుట, తీగల ద్వారా దూరమునుండి విద్యుత్తుతో ముట్టింపవలెను. గొడ్డార్డంతటివాడు కూడ పొడుగాటి కఱ్ఱ వాడెను గదా!

మన తెలుగునేలపై, శ్రీహరికోటలో, నేడు పెద్ద రాకెట్టులు లేచునపుడు వానిలో కొన్నింటి పై అంచెలో మండునది ద్రవ ఉదజని, ద్రవ ప్రాణవాయువు. ఆబర్ను పొలములో ఒక ఆచార్యుడు గడ్డకట్టిన చేతులతో తొట్టిలో పోసిన ప్రాణవాయువే అది. టెలివిజనులో ఆ దృశ్యము చూచి ఆనందించు మన పిల్లలకు ఈ కథ చెప్పవలెను. ఎగిరిన రాకెట్టును చూచి చప్పట్లు కొట్టుట ఎవరైనను చేయుదురు. ఎగురని రాకెట్టు దగ్గఱకు పోయి, ముక్కలు ఏరి, కారణము కాగితముపై పెట్టి, మఱునాడు మఱల పనికి కూర్చుండువారు కొందఱే. దేశములు ముందుకు సాగునది అట్టివారివలన.